పదహారు వందల దగ్గర ఆగే పరుగు

తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి వెళ్ళే తిరుపతి రోడ్డు మీద తెల్లవారకముందే బయల్దేరితే లారీలకు పక్కగా పరిగెత్తే కుర్రాళ్ళు కనబడతారు. చేతిలో సెల్‌ఫోను, అందులో స్టాప్‌వాచ్. కనకమ్మసత్రం దాటాక టీకొట్టు దగ్గర చెమట తుడుచుకుంటున్న ఒకణ్ణి పలకరించాను. ఈ వైపు చాలా ఇళ్ళలో తెలుగే గనక తెలుగులోనే అడిగాను.

“ఎంత దూరం తమ్ముడూ?”

“పదహారు వందల మీటర్లు సార్. అయిదున్నర నిమిషాల్లో కొడితే ఫుల్ మార్కులు. మిలిటరీ సెలక్షన్‌కి.”

జపాన్‌లో నీ ఈడు కాలేజీ పిల్లలు ఇరవై ఒక్క కిలోమీటర్లు పరిగెడతారయ్యా అన్నాను. వాడు టీగ్లాసు బల్లమీద పెట్టి, “దానికేం ఉద్యోగమిస్తారు సార్?” అన్నాడు.

అప్పటికి నవ్వేశాను. ఇంటికొచ్చాక మాత్రం ఆ ప్రశ్న వదల్లేదు. ఎంత దూరం పరిగెత్తాలన్నది కాళ్ళ చేతిలో ఉన్న సంగతి కాదేమో, అవతల గట్టున ఏం దొరుకుతుందన్నదే తేలుస్తుందేమో అనిపించింది.

మారథాన్ కొలతే చూడండి. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర మొదలెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటు ఎదుట ముగించారు. అది 26 మైళ్ళ 385 గజాలకు తేలింది. 1921లో ఆ వంకర కొలతనే ఖాయం చేశారు. మన లెక్కలో 42.195 కిలోమీటర్లు, అందులో సగం హాఫ్ మారథాన్. చెన్నై సెంట్రల్లో రైలెక్కి తిరువళ్ళూరులో దిగితే దాదాపు మారథాన్ దూరమే. ఆవడి దగ్గరికొచ్చేసరికి ఇంచుమించు హాఫ్ అయిపోతుంది.

జపాన్ విద్యార్థులకు ఈ హాఫ్ అబ్బడానికి కారణం హకోనే ఎకిదెన్ అనే రిలే పరుగు. దాని వెనకున్న మనిషి కనకురి షిజో. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ మారథాన్‌లో ఎండకు తాళలేక దారిలో ఎవరింటి తోటలోనో ఆగిపోయి, ఎవరికీ చెప్పకుండా ఊరెళ్ళిపోయాడు. 1967లో స్వీడన్‌వాళ్ళు పిలిచి మిగిలిన పరుగు పూర్తి చేయించారు. ఆయన టైము 54 ఏళ్ళ 8 నెలల 6 రోజుల 5 గంటల 32 నిమిషాల 20.3 సెకన్లు! నవ్వొచ్చే కథే గానీ, ఆ ఓటమి నుంచి ఆయన పట్టుకున్న ఆలోచన నవ్వులాట కాదు. దూరం పరిగెత్తేవాళ్ళు కావాలంటే కాలేజీల్లోనే తయారు చేయాలి. అలా 1920లో నాలుగు కాలేజీలతో హకోనే మొదలైంది. టోక్యో నుంచి హకోనే కొండల దాకా అయిదుగురు, మర్నాడు వెనక్కి మరో అయిదుగురు. భుజమ్మీంచి అడ్డంగా వేసుకున్న పట్టీని ఒకరి నుంచి ఒకరు అందుకుంటారు. ఇప్పుడు ఒక్కొక్కరి వంతు 20 నుంచి 23 కిలోమీటర్లు, అంటే పదిమందికీ తలా ఒక హాఫ్ మారథాన్! 1987 నుంచి ఏటా జనవరి 2, 3 తేదీల్లో దేశమంతా కూర్చుని టీవీలో చూస్తుంది.

దాంతో హాఫ్ పరిగెత్తడం అక్కడి కాలేజీవాడికి ఎక్కాలు అప్పజెప్పినట్టయింది. 1997లో ఇటలీలోని కటానియాలో ప్రపంచ విశ్వవిద్యాలయాల క్రీడల్లోకి హాఫ్ మారథాన్ వచ్చింది. మరుసటి ఏడే జపాన్ విద్యార్థుల హాఫ్ మారథాన్ చాంపియన్‌షిప్ మొదలైంది. అబ్బాయిల పోటీకి పేరుపడ్డ చోటు టోక్యో శివారు తచికవా, నెల మార్చి. ఆడపిల్లలది మత్సుయెలో. హకోనేకు అర్హత పోటీ కూడా తచికవాలోనే. 2018 దాకా 20 కిలోమీటర్లుండేది, ఆ ఏడు దాన్నీ హాఫ్ చేశారు. ఒక్కో కాలేజీ నుంచి పన్నెండుమంది దాకా దిగుతారు, మొదటి పదిమంది టైములు కూడతారు. పదోవాడు కాలు జారితే మొదటివాడి గొప్ప కూడా బూడిదలో పోసిన పన్నీరే.

ఆ నేలకూ ఒక కథ ఉంది. పరుగు మొదలయ్యేది సైనిక విమానాశ్రయం రన్‌వే మీద. 1922లో అక్కడ సైనిక విమానాశ్రయం వచ్చింది, యుద్ధం తర్వాత అమెరికావాళ్ళ చేతికి పోయింది. రన్‌వే పొడిగిస్తామంటూ 1955లో పక్కనున్న సునగవా పొలాలు కొలవబోతే రైతులు అడ్డుపడ్డారు, విద్యార్థులు వాళ్ళకు తోడొచ్చి లాఠీదెబ్బలు తిన్నారు. 1977లో ఆ స్థావరం తిరిగి జపాన్ చేతికొచ్చింది, 1983లో అందులో కొంత షోవా స్మారక పార్కయింది. ఒకప్పుడు విద్యార్థులు కంచె దగ్గర నిలబడి వద్దన్న చోటే ఇప్పుడు విద్యార్థులు బారులు తీరి, తుపాకీ పేలగానే దూకుతారు. గీత దాటాక చాలామంది వెనక్కి తిరిగి, వచ్చిన దారికి నడుము వంచి దణ్ణం పెడతారు.

2019 మార్చిలో అక్కడ మొదటి ముగ్గురు అకిరా ఐజావా, తైసెయ్ నకమురా, తత్సుహికో ఇతో. ముగ్గురూ గంటా రెండు నిమిషాల లోపే. ఆ వేసవిలో నేపుల్స్ విశ్వవిద్యాలయ క్రీడల్లో స్వర్ణం, రజతం, కాంస్యం అదే వరసలో వాళ్ళకే. 2020 జనవరిలో హకోనే రెండో వంతులో ఐజావా, ఇతో వేర్వేరు కాలేజీల పట్టీలతో భుజం భుజం రాసుకుంటూ కిలోమీటర్ల తరబడి పరిగెత్తారు. ఐజావా 23.1 కిలోమీటర్లను గంటా 5 నిమిషాల 57 సెకన్లలో ముగించి రికార్డు కొట్టాడు. ఇద్దరూ టోక్యో ఒలింపిక్స్ పదివేల మీటర్లలో దిగారు. టీకొట్టు కుర్రాడి ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. కాలేజీ అవగానే ఐజావాను అసహి కసెయ్ తీసుకుంది, ఇతోను హోండా, నకమురాను ఫుజిత్సు. మూడూ కంపెనీలే, మూడింటికీ పరుగు జట్లున్నాయి.

మనకీ కాలేజీ హాఫ్ లేకపోలేదు. అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ అథ్లెటిక్స్‌లో అదొక పోటీ. 2017 డిసెంబరులో ఆ మీట్ గుంటూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయానికే వచ్చింది. కానీ చూసేదెవరు, గెలిచినవాడి పేరు మర్నాటికి గుర్తుంచుకునేదెవరు? మన దూరప్పరుగు వీరులు బారకాసుల్లో పుట్టారు. శివనాథ్ సింగ్ 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాల్లో మారథాన్ ముగించాడు, ఆయన సైనికుడు. 2020లో ఢిల్లీలో గంటా 30 సెకన్లలో హాఫ్ పూర్తిచేసిన అవినాశ్ సాబ్లేదీ సైన్యమే. 2019 ఢిల్లీ హాఫ్‌లో మనవాళ్ళందరికన్నా ముందొచ్చిన విజయనగరం జిల్లావాడు శ్రీను బుగతదీ సైన్యమే. కాబట్టి తిరుత్తణి రోడ్డు మీది కుర్రాడి లెక్క తప్పేమీ కాదు. సైన్యం గేటు తెరుచుకునేది పదహారు వందల దగ్గర, వాడు ఆగేదీ అక్కడే.

విచిత్రమేమిటంటే, కాలేజీ పిల్లలందరికీ రెండేళ్ళు వ్యాయామ శిక్షణ తప్పనిసరి చేయమన్నది తిరుత్తణిలో పుట్టినాయనే. 1948-49 విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌కు అధ్యక్షుడు సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన నివేదికలో మిగతావి అందరూ తలుచుకుంటారు, ఈ మాట మాత్రం ఎవరి నోటా రాదు.

అప్పటికి తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉంది. 1960 ఏప్రిల్ 1న సరిహద్దు జరిగి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. గీత జరగకపోతే ఇక్కడి పిల్లవాడు తిరుపతి శ్రీవెంకటేశ్వర విశ్వవిద్యాలయం జెర్సీ వేసుకునేవాడేమో. ఇప్పుడు తిరుత్తణి ప్రభుత్వ కాలేజీవాడు మద్రాసు విశ్వవిద్యాలయం తరఫున సెలక్షన్‌కు వెళ్ళాలి, గీతకు అవతల పుత్తూరులో ఉన్న వాడి మేనమామ కొడుకు తిరుపతి తరఫున. ఆడికృత్తికకు కావడి ఎత్తుకుని వాళ్ళిద్దరూ కలిసే ఎక్కుతారు, తిరుత్తణి కొండ 365 మెట్లూ.