టీవీ కింద పెట్టుకున్న కంప్యూటర్

2002 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ విండోస్ ఎక్స్‌పీ మీడియా సెంటర్ ఎడిషన్ విడుదల చేసింది. ట్యూనర్ కార్డు, పెద్ద హార్డ్ డిస్క్, సోఫాలోంచి కూడా చదవగలిగేంత పెద్ద అక్షరాల మెనూ, ఒక రిమోట్: టీవీ చూడటానికే తయారైన కంప్యూటర్ల కోసం వచ్చింది అది. అదే ఏడాది ఐజాక్ రిచర్డ్స్ లినక్స్ మీద మిత్‌టీవీ అనే టీవీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టాడు. మరికొందరు ఎక్స్‌బాక్స్ ఆటల పెట్టెకున్న కట్టుబాట్లు తెంచి దానిమీద సినిమాలు ఆడించారు. ఇప్పటి కోడి (Kodi) అనే మీడియా ప్లేయర్‌కు మూలం అదే. అమెరికాలో హోమ్ థియేటర్ పీసీ సరదా ఇలా పుంజుకుంది. స్ట్రీమింగ్ వచ్చి దాన్ని చంపేసిందని చాలామంది అంటారు. అందులో నిజం లేకపోలేదు. కానీ నెట్‌ఫ్లిక్స్ స్ట్రీమింగ్ మొదలైంది 2007లో. పీసీ బిగించుకున్నవాళ్ల తిప్పలూ సరిగ్గా ఆ ఏడాదే పెరిగాయి, అదీ స్ట్రీమింగ్‌తో ఏ సంబంధమూ లేకుండా. డబ్బు పోసి విడిభాగాలు కొని బిగించుకున్నా, ఆ యంత్రం నడవాలంటే బయటివాళ్ల అనుమతి ఎప్పటికప్పుడు కొత్తగా అందుతూ ఉండాలి. దాన్ని దెబ్బతీసింది ఆ ఏర్పాటే.

డిస్కుల సంగతే చూడండి. హెచ్‌డీ డీవీడీ, బ్లూ-రేలకు ఏఏసీఎస్ అనే తాళం ఉంటుంది. 2007 మొదట్లో విన్‌డీవీడీ అనే ప్లేయర్ సాఫ్ట్‌వేర్ తాళంచెవి బయటికి పొక్కడంతో దాన్ని రద్దు చేశారు. ఏప్రిల్‌లో వచ్చిన అప్‌డేట్ వేసుకోనివాళ్లకు కొత్త డిస్కులు ఆడలేదు. ఇందులో ఒక విచిత్రం ఉంది. రద్దయిన ప్లేయర్ల జాబితా కొత్త సినిమా డిస్కులోనే ఉంటుంది. డిస్కు లోపల పెట్టగానే డ్రైవ్ ఆ జాబితాను చదివి తన మెమరీలో శాశ్వతంగా దాచుకుంటుంది. ఆ తర్వాత జాబితాలో ఉన్న ప్లేయర్‌తో నిన్నటిదాకా ఆడిన పాత డిస్కు కూడా ఆడకపోవచ్చు. ఇంటర్నెట్ తీగ పీకేసి కూర్చున్నా లాభం లేదు. కొనుక్కున్న సినిమాయే ఆ రద్దును ఇంట్లోకి మోసుకొస్తుంది!

విండోస్ వదిలేసి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడుకుంటే ఈ గొడవ ఉండేది కాదు కదా అనవచ్చు. కొంతవరకు నిజమే, మిత్‌టీవీని ఏ కంపెనీ వచ్చి తుడిచేయలేదు. అయితే ఏ కార్యక్రమం ఎన్ని గంటలకో తెలియకపోతే రికార్డింగ్ కుదరదు. ఆ పట్టికను ఉచితంగా ఇస్తున్న జాప్2ఇట్ ల్యాబ్స్ 2007 సెప్టెంబరులో ఆపేసింది. వాడేవాళ్లే షెడ్యూల్స్ డైరెక్ట్ అనే లాభాపేక్షలేని సంస్థ పెట్టుకుని, చందా కట్టి పట్టిక తెచ్చుకోవాల్సి వచ్చింది. 2021లో కోడి 19 పైథాన్ 3కి మారినప్పుడు పాత యాడ్-ఆన్‌లు చాలా మూలపడ్డాయి. తేడా ఏమిటంటే, ఇక్కడ కారణం అందరికీ తెలుసు, బాగుచేసే దారి కూడా తెరిచే ఉంది. మైక్రోసాఫ్ట్ దగ్గర ఆ దారి లేదు. విండోస్ 8లో మీడియా సెంటర్‌ను విడిగా తెచ్చుకోవాల్సిన అదనపు సరుకు చేసింది. 2015లో విండోస్ 10కి మారితే ఉన్నదీ పోయింది. విండోస్ 7లోనే ఉండిపోయినవాళ్లకు 2020 జనవరిలో పట్టికా ఆగింది, భద్రతా అప్‌డేట్లూ ఆగాయి.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం భద్రతది. నెట్‌కు తగిలించిన కంప్యూటర్‌కు అప్‌డేట్లు వద్దనడం తెలివైన పని కాదు, నిజమే. చిక్కల్లా భద్రతా మరమ్మతూ, ఇచ్చిన సౌకర్యాన్ని వెనక్కి తీసుకోవడమూ ఒకే మూటలో రావడం. ఉదాహరణకు, 4కే బ్లూ-రేలను పీసీలో చూడాలంటే ఇంటెల్ ప్రాసెసర్లలోని ఎస్‌జీఎక్స్ అనే రక్షణ విభాగం తప్పనిసరిగా ఉండాల్సి వచ్చేది. 2021లో వచ్చిన 11వ తరం డెస్క్‌టాప్ చిప్‌ల నుంచి ఇంటెల్ దాన్ని తీసేసింది. దాంతో ఆ డిస్కులు ఆడించే పవర్‌డీవీడీ తయారీదారు సైబర్‌లింక్ తన వినియోగదారులకు ఇచ్చిన సలహా ఇది: పాత ప్రాసెసర్ ఉంచుకోండి, విండోస్ 11కి మారకండి.