ముద్దాయి పక్షం వాదనతో పదునెక్కిన చట్టం

క్రిప్టో పేరు చెప్పి జనం డబ్బు దండుకున్నాడన్న ఆరోపణ మీద ఎవరినైనా అరెస్టు చేస్తే, అతని తరఫున వకాల్తా వేసిన లాయరును కూడా మోసానికి కొమ్ము కాసేవాడిగానే చూస్తాం. మదుపు మోసాల కేసుల చరిత్రను తిరగేస్తే ఈ చూపు సరికాదని తేలుతుంది. ఏది నేరమో, దాన్ని ఎలా రుజువు చేయాలో స్పష్టం కావడానికి ముద్దాయి పక్షం వేసిన ప్రశ్నలే చాలాసార్లు దారి చూపాయి.

కలకత్తాలోని సంచయిత ఇన్వెస్ట్‌మెంట్స్ డిపాజిటర్లకు ఏడాదికి 48 శాతం దాకా వడ్డీ ఇచ్చేది. కాగితం మీద 12 శాతమే చూపి, మిగతాది చాటుగా నగదు రూపంలో ముట్టజెప్పేదని ఆరోపణ. 1978 నాటి ప్రైజ్ చిట్లు, మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టం కింద 1980లో కేసు పెట్టారు. ఆ చట్టం ప్రకారం నేరం కావాలంటే సులువు సంపాదన సభ్యుల చేరికతో ముడిపడి ఉండాలి. ఇక్కడ ఆ ముడి లేదని ముద్దాయిలు వాదించారు. 1982లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ ధర్మాసనం ఎఫ్ఐఆర్‌ను కొట్టేసింది. అంతమంది సొమ్ము చిక్కుకున్న చోట ఈ తీర్పు మింగుడుపడకపోవచ్చు. కానీ 2007లో ఆమ్‌వే కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు వెతికింది ఆ ముడినే. కొత్తవారి చేరికతో ఆదాయం ముడిపడి ఉందని గుర్తించి, ఆ పథకం అదే చట్టం పరిధిలోకి వస్తుందని చెప్పింది.

క్రిప్టో కేసుల్లోనూ ఇదే పద్ధతి అవసరం. ఈ వ్యాపారాలకు బ్యాంకు సేవలు నిలిపేయాలన్న 2018 నాటి రిజర్వ్ బ్యాంక్ సర్క్యులర్‌ను 2020 మార్చి 4న సుప్రీంకోర్టు రద్దు చేసింది. కాబట్టి క్రిప్టో అమ్మినంత మాత్రాన నేరం కాదు, మోసాన్ని విడిగా రుజువు చేయాలి. సొమ్ము ఏ చిరునామా నుంచి ఏ చిరునామాకు వెళ్ళిందో బ్లాక్‌చెయిన్ చూపిస్తుంది గానీ, ఆ చిరునామా వెనకున్న వాలెట్ ఎవరి చేతిలో ఉందో చెప్పదు. ఎలక్ట్రానిక్ రికార్డుకు హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే డిజిటల్ గుర్తుతో) కూడిన ధ్రువపత్రం ఉండాలని భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ అంటోంది. అది ఉందా అని నిలదీయడం డిఫెన్స్ లాయరు పని. తాను డబ్బు పెట్టి, లాభం వస్తుందని నమ్మి చుట్టాలను చేర్పించినవాడు బాధితుడా, భాగస్వామా అన్న గీత కూడా ఆ వాదనలోనే తేలాలి.

బాధితుల సొమ్ముతోనే పెద్ద లాయర్లను పెట్టుకుని కేసును ఏళ్ల తరబడి సాగదీస్తారన్న అభ్యంతరం ఉంది. ఆ బాధ నిజమైనదే. దానికి మందు ఆస్తుల జప్తులో ఉంది. 1999 నాటి ఆంధ్రప్రదేశ్ డిపాజిటర్ల రక్షణ చట్టం, 2019 నాటి కేంద్ర చట్టం శిక్ష పడేదాకా ఆగకుండానే అందుకు వీలిస్తాయి. నిందితుడికి లాయరు లేకుండా చేస్తే మాత్రం ఆ శిక్ష అప్పీలులో నిలవదు, అప్పుడు మళ్ళీ నష్టపోయేది బాధితులే.

రాజ్యాంగం 22వ అధికరణ అరెస్టయిన ప్రతి వ్యక్తికీ నచ్చిన న్యాయవాదిని పెట్టుకునే హక్కు ఇచ్చింది. ఫలానా నిందితుడి తరఫున వాదించకూడదని బార్ అసోసియేషన్లు చేసే తీర్మానాలు చెల్లవని 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. డబ్బు పోగొట్టుకున్నవారు గట్టి దర్యాప్తు కోసం, సత్వర జప్తు కోసం పట్టుబట్టాలి. ఎదుటివాడి లాయరు మీద కోపం వారి డబ్బును వెనక్కి తేలేదు.