వేసవి ముంగిట పూచు అడవిచెట్లు



ఫాల్గుణమాసము వచ్చునప్పటికి బాన్సువాడ ప్రాంతపు గుట్టలమీది చెట్లు ఆకు రాల్చి మోడులై నిలుచును. బావులు అడుగంటుచుండును. పసరములు మేతకై దూరము పోవుచుండును. సరిగా అట్టి సమయముననే మోదుగ నిప్పుకణికలవలె పూచును. కొండగోగు పసుపుపచ్చగా విరియును. పిమ్మట ఇప్ప, ఆ పిమ్మట రేల. ఈ చెట్లను మీకు క్రొత్తగా ఎరుకపరుప నక్కరలేదు. అయినను వీనికొక చరిత్ర కలదు. అది తెలిసినచో ఇవి నేడేల తరుగుచున్నవో, వీనిని నిలుపుటకు మన మేమి చేయవలెనో తెలియగలదు.

ప్రతి దేశమునకును తన తొలివేసవి పూవులు కలవు. హిమాలయముల యెత్తున మొక్కలు చలికాల మంతయు మంచుక్రింద నిద్రించి, మంచు కరగిన వెంటనే పూచును. జోసెఫ్ హుకర్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1848 మొదలు 1850 వరకు సిక్కిం కొండలలో తిరిగి, అచ్చటి పూలచెట్ల విత్తనములను ఇంగ్లండునకు పంపెను. ఆ దేశపు తోటమాలులు వానిని శ్రమకోర్చి పెంచిరి. ఆ మొక్కలు మన యెండలకు తాళవు. వానికి కావలసిన చలి మనకు లేదు. మన అడవిచెట్ల నడవడి వేరు. నీరు కరవైనప్పుడు ఇవి ఆకు రాల్చి లోనితడిని కాపాడుకొనును. ఆకు లేని కొమ్మపై పూవు దూరమునకే కనబడును. మోదుగపూవులోని తేనెకై పగలు పక్షులు వచ్చును. ఇప్పపూవుకై రాత్రి గబ్బిలములు వచ్చును. వాని రాకవలననే కాయ కట్టును.

మన పూర్వు లీ చెట్లను అడవిలోనే యుంచియు ఇంటివానిగా చూచుకొనిరి. మోదుగాకు విస్తరి యయ్యెను; దాని పూవు కాముని పున్నమనాడు రంగయ్యెను; దాని కొమ్మపై లక్క పండెను. ఇప్పపూవు తిండికిని సారాకును వచ్చెను. ఇప్పగింజ నూనెతో దీపము వెలిగెను. రేలకాయ గుజ్జు విరేచనమునకు మందు. కొండగోగు బంక అంగడికి పోయెను. దాని దూది దిండ్లలోనికి వచ్చెను. కావుననే పొలము చదునుచేయు రైతు సయితము ఇప్పచెట్టును గట్టుమీద విడిచెడివాడు. ఆ చెట్లను కాచినది కేవలము చట్టము కాదు, వాని యుపయోగము.

ఈ తెలివి తెలుగుపేర్లతో సహా సముద్రములు దాటినది. లిన్నేయసు శిష్యుడగు కోనిగ్ అను వైద్యుడు 1768లో తరంగంబాడికి వచ్చి, దక్షిణదేశపు మొక్కలను వెదకుచు 1785లో కాకినాడచెంత జగన్నాథపురమున మరణించెను. ఆయన మిత్రుడు విలియం రాక్స్‌బరో 1781 మొదలు సామర్లకోటలో వైద్యుడుగా నుండి, తోట వేసి మొక్కలను పెంచి పరిశీలించెను. మనదేశపు చిత్రకారుల చేతనే వాని బొమ్మలు వ్రాయించెను. ఆ కృషిఫలముగా కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన గ్రంథము 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగా, 300 చిత్రములతో లండనులో వెలువడెను. మొదటి సంపుటముననే మన మోదుగయు, ఇప్పయు, సోమిదయు కలవు. అతడు పెక్కు మొక్కలకు తెలుగువా రేమందురో విచారించి వ్రాసికొనెను. సోమిదచెక్క జ్వరమునకు మందని లోకమునకు చాటెను. 1830లో ఆ చెట్టుజాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన లాటిన్ పేరు మన సోమిద శబ్దమే. పేరు తెలియని పల్లెవాడని మనము తలచువాడే ఆ పండితులకు గురువయ్యెను.

పిమ్మట కాలము మారెను. 1856లో పెర్కిన్ అను యువకుడు లండనులో కృత్రిమమైన రంగును కనిపెట్టెను; క్రమముగా సీసాలోని రంగు మోదుగపూవు రంగును త్రోసివేసెను. కిరసనాయిలు వచ్చి ఇప్పనూనె దీపము నార్పెను. విస్తరి స్థానమున కాగితపు పళ్లెరములు, ప్లాస్టిక్ పళ్లెరములు చేరెను. మంజీరపై నిజాంసాగరము 1923లో మొదలై 1931లో పూర్తి యగుటతో ఈ ప్రాంతమున వరియు చెరకును విస్తరిల్లెను. 1937లో బోధనులో చక్కెర కర్మాగారము స్థాపితమయ్యెను. ఆ నీరు మనకు అన్నము పెట్టినది. దానిని నిందించుట కృతఘ్నత. కాని పని పోయిన చెట్టు గొడ్డలికి సులభముగా లోబడునను మాటయు మరువరాదు.

ఇప్పచెట్టు స్థితి మరింత చింతింపదగినది. అది నేటికిని పనికివచ్చుచున్నది. ఆ పనియే దాని సంతతికి ముప్పయినది. రాలిన పూవు లేరుకొనుటకు వీలుగా కొందరు చెట్టుక్రింది ఎండుటాకులకు నిప్పు పెట్టుదురు. ఆ మంటలో పాత గింజలు మొలిచిన నారు మాడిపోవును. మిగిలిన పూవులు కాయలైనచో వాని గింజలు నూనెకు పోవును. ఇక క్రొత్త చెట్టు మొలుచు టెట్లు? మీ యూరి ఇప్పచెట్లను ఒకసారి లెక్కింపుడు. తాతలనాటివి కనబడును, వాని క్రింద పిల్లమొక్క యెచ్చట నున్నదో చూడుడు. ముసలివారు మాత్రమే మిగిలిన యింటివంటిది ఆ తోపు.

వీనిని పెంచుట కష్టము కాదు. ఒక్కొక్కదాని స్వభావ మెరుగవలెను. ఇప్పగింజ వానకాలపు మొదటిదినములలో పండును. అది నిలువ యుండదు, కావున పండిన కొలది దినములలోనే నాటవలెను. దాని తల్లివేరు లోతుగా దిగును గనుక శాశ్వతముగా నుండవలసిన చోటనే విత్తుట మేలు. మోదుగకాయ కొసను ఒకే గింజ యుండును. తొలకరికి దానిని నేరుగా నేలలో నాటవచ్చును. నీరు నిలుచు నల్లరేగడిలోను, చౌడునేలలోను సయితము అది బ్రతుకును. రేలగింజ పైపొర గట్టిది. దానిని రాతిపై కొంచెము రాచి, ఒకరాత్రి నీట నానబెట్టినచో మొలక సులభమగును. కొండగోగునకు నీరు నిలువని గుట్టవాలు చాలును. మొదటి రెండుమూడు వేసవులు మేకలనుండియు మంటనుండియు కాపాడవలెను. పిమ్మట చెట్టే తన్ను తాను చూచుకొనును.

2015లో మన రాష్ట్రమున హరితహార మారంభమయ్యెను. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము గ్రామమునకొక నర్సరీ నుండవలెనని చెప్పినది. ఆ నర్సరీలలో ఏ మొక్కలు పెంచవలెనో చెప్పగలవారు మీరే. త్వరగా పెరుగు పరదేశపు చెట్లతోపాటు ఇప్పకును మోదుగకును రేలకును కొంత చోటిమ్మని గ్రామసభలో అడుగుడు. ఏ గుట్టపై ఏ చెట్టుండెడిదో, ఏ చెట్టు గింజ మంచిదో మీకు తెలియును. అది వ్రాయబడిన గ్రంథములలో దొరకదు.

ఇప్పచెట్టు నాటినవాడు దాని పూవు పుష్కలముగా ఏరుకొనుటకు ఎన్నో యేండ్లు వేచియుండవలెను. ఆ పూవు తరచుగా మనుమని చేతికే అందును. మనకు పూవు లిచ్చినవా రట్లే నాటిరి, అట్లే విడిచిరి. రాబోవు తొలకరికి ఇంటికొక గింజ నాటి, చెట్టు క్రింద నిప్పు మాన్పించినచో, ఈ గుట్టలు మరల ఎండలో పూచును.