డిస్క్ లేని గేమ్ డబ్బా కొనొచ్చా? బాబాయి అడిగిన ఒక్క ప్రశ్న

ఈరోజు ఎపిసోడ్‌కి కారణం మా తమ్ముడు. బాబాయి కొడుకు, ఉండేది బేస్తవారిపేటలో. ఇంటర్ అయిపోయింది, దాచుకున్న డబ్బులు కొన్ని ఉన్నాయి, వాళ్ల నాన్న మిగతావి వేస్తానన్నాడు. మొన్న రాత్రి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు: "అన్నా, డిస్క్ లేని చిన్న ఎక్స్‌బాక్స్ ఉందిగా, సిరీస్ ఎస్, అది తీసుకోనా? తక్కువలో వచ్చిద్ది." అదే మెసేజ్‌లో వెనకనుంచి బాబాయి గొంతు: "రేపు అమ్మితే ఎంతొచ్చిద్దో కూడా అడగరా మీ అన్నని."

ముందు నవ్వొచ్చింది. తర్వాత కూర్చుని ఆలోచిస్తే, యూట్యూబ్‌లో నేను చూసిన రివ్యూల్లో టెరాఫ్లాప్స్ గురించి అడిగినవాళ్లు ఉన్నారు, ఫ్రేమ్ రేట్ గురించి అడిగినవాళ్లు ఉన్నారు, ఈ ప్రశ్న అడిగినవాళ్లు మాత్రం పెద్దగా లేరు. వీడియో గేమ్‌ల యాభై ఏళ్ల చరిత్రలో సగం గొడవ దీని మీదే జరిగింది. కాబట్టి ఈరోజు స్పెక్స్ తక్కువ, చరిత్ర ఎక్కువ.

1972లో అమెరికాలో మాగ్నవాక్స్ ఒడిస్సీ అని మొదటి ఇంటి గేమ్ డబ్బా వచ్చింది. అందులో ఆటలన్నీ డబ్బా లోపలి సర్క్యూట్‌లోనే ఉంటాయి. కొత్త ఆట అంటే విడిగా ప్రోగ్రామ్ కొనుక్కోవడం ఉండదు. 1976లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీ ఛానల్ ఎఫ్ తెచ్చింది. జెర్రీ లాసన్ అనే ఇంజనీర్ ఆ టీమ్‌ని నడిపించాడు. ఆట తాలూకు ప్రోగ్రామ్‌ని ఒక చిప్‌లో పెట్టి, ఆ చిప్‌ని ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి, కావాల్సినప్పుడు గుచ్చి, వద్దనుకున్నప్పుడు పీకేసేలా చేశారు. మనం క్యాసెట్ అని పిలిచేది అదే.

టెక్నికల్‌గా చిన్న మార్పులా కనిపిస్తుంది కానీ, ఆ రోజు నుంచి ఆట ఒక వస్తువైంది. చేతిలో పట్టుకోవచ్చు, పక్కింటివాడికి ఇవ్వచ్చు, అమ్మేయొచ్చు, వాడు తిరిగి ఇవ్వకపోతే గొడవ పెట్టుకోవచ్చు.

మన దగ్గరికి అసలు కంపెనీ డబ్బాలు ఎందుకు రాలేదు అని చాలామంది అడుగుతుంటారు. ధర చూడండి. 1995లో సెగా మెగా డ్రైవ్‌ని షా వాలెస్ కంపెనీ ఇండియాలో అమ్మింది. బయట నుంచి తెప్పిస్తే 80 శాతం సుంకం, దాన్ని తప్పించుకోవడానికే ఆ ఒప్పందం. అయినా రేటు 18,000 రూపాయలు. అప్పుడు 10 గ్రాముల బంగారం 5 వేల లోపే. అంటే మూడు తులాల పైన బంగారం పెట్టి పిల్లోడికి సోనిక్ కొనివ్వాలి. మన ఇళ్లల్లో జరిగే పనేనా?

అందుకే మనకి తెలిసిన "టీవీ గేమ్" వేరే. జపాన్‌లో 1983లో నింటెండో తెచ్చిన ఫామికామ్‌కి నకళ్లు. ఫ్యాన్సీ షాపులో, తిరనాళ్లలో దొరికేవి. "9999 ఇన్ 1" అని రాసుంటుంది, లోపల తిప్పితిప్పి ఉండేది పది ఆటలే. వేసవి సెలవులకి బేస్తవారిపేట మా నానమ్మ వాళ్లింటికి వెళ్తే, వీధి మొత్తానికి రెండు డబ్బాలు, ఐదారు క్యాసెట్లు. కాంట్రా ఒకడి దగ్గర, మారియో ఇంకొకడి దగ్గర. క్యాసెట్ పడకపోతే నోటితో ఊదడం, మళ్లీ గుచ్చడం. (ఊదితే తేమ తగిలి పిన్నులు తుప్పు పడతాయని ఇంజనీరింగ్ అయ్యాక తెలిసింది. అప్పుడు మాత్రం అది వైద్యం.) సాయంత్రం నీ కాంట్రా నాకు, నా మారియో నీకు. అట్లా ఒక్కో ఇంటివాళ్లు కొన్నది ఒక్క క్యాసెట్టే, ఆడింది మాత్రం ఆరు.

తర్వాత సీడీలు, ప్లేస్టేషన్ 2. మధ్యలో ఒక విషయం, మనోళ్ల గొప్ప కాబట్టి చెప్పుకోవాలి. 2009లో పీఎస్2కి "హనుమాన్: బాయ్ వారియర్" అనే గేమ్ వచ్చింది. చేసింది హైదరాబాద్ కంపెనీ అరోనా టెక్నాలజీస్. అదే ఏడాది "దేసీ అడ్డా" అని ఇంకోటి, గోలీలు, గాలిపటాలు, కబడ్డీలాంటి ఆటలతో. అది కూడా హైదరాబాద్‌దే, గేమ్‌శాస్త్ర వాళ్లది. ఇప్పుడు ఆడితే గ్రాఫిక్స్ చూసి నవ్వుతారేమో. కానీ పాత డిస్క్ ఒకటి దొరికి, పనిచేసే పీఎస్2 ఉంటే ఈరోజుకీ ఆడొచ్చు, ఎవరి పర్మిషన్ అక్కర్లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా.

ఇక డిస్క్ లేని డబ్బా. ఇదేదో కొత్త ఐడియా అనుకుంటాం. 1983లోనే అటారీకి గేమ్‌లైన్ అని ఒక మోడెమ్ వచ్చింది, టెలిఫోన్ తీగ మీద ఆట దిగేది. వ్యాపారం మునిగింది, ఆ శిథిలాల మీద లేచిన కంపెనీయే తర్వాత ఏఓఎల్ అయింది. 1994 చివర్లో సెగా ఛానల్: కేబుల్ టీవీ వైరు మీద గేమ్‌లు, నెలనెలా చందా. పండక్కి మన కేబుల్ ఆయన కొత్త సినిమా వేసినట్టు నెలనెలా ఆటల లిస్టు మారేది. డబ్బా ఆపేస్తే ఆట మాయం, మళ్లీ దించుకోవాలి. మా ఊరి కరెంట్‌కి అది పెట్టుంటే ఎట్లుండేదో మీరే ఊహించుకోండి. 1998లో మూతపడింది.

నాకు వీటన్నిటికంటే నచ్చింది 1986 నాటి జపాన్ కథ. ఫామికామ్ డిస్క్ సిస్టమ్. పాత ఆట బోర్ కొడితే ఆ డిస్క్ పట్టుకుని షాపుకి వెళ్లి, అక్కడి మెషీన్‌లో పెట్టి, 500 యెన్‌లు కడితే పాత ఆట చెరిపి కొత్త ఆట రాసిస్తుంది. మార్కాపురం పలక చూసిన మనకి ఇది చెప్పక్కర్లేదు. తుడువు, రాయి. సిరీస్ ఎస్ కూడా పలకే. 512 జీబీ అంటారు, మన చేతికొచ్చేది 364 జీబీ. పెద్ద గేమ్ ఒక్కోటి 100 జీబీ ఉంటే మూడు పడతాయి, నాలుగోది కావాలంటే ఒకటి తుడవాలి.

2009లో సోనీ పీఎస్‌పీ గో తెచ్చింది, డిస్క్ పెట్టే చోటే లేదు. పాత పీఎస్‌పీ డిస్కులు కొనుక్కున్నవాళ్లు వాటిని ఏం చేసుకోవాలి? సమాధానం లేదు, 2011లో ఆగిపోయింది. 2013లో అసలు గొడవ. ఎక్స్‌బాక్స్ వన్ రాకముందు మైక్రోసాఫ్ట్ చెప్పింది: డిస్క్ ఉన్నా సరే, 24 గంటలకోసారి ఇంటర్నెట్‌కి కనెక్ట్ అవ్వాలి, సెకండ్ హ్యాండ్‌కి అమ్మడంలో రూల్స్ ఉంటాయి. జనం మండిపడ్డారు. సోనీవాళ్లు ఒక చిన్న వీడియో వదిలారు, పీఎస్4లో గేమ్ షేర్ చేసుకోవడం ఎలా అని. ఒకాయన డిస్క్ ఇచ్చాడు, ఇంకొకాయన థాంక్స్ అని తీసుకున్నాడు. వీడియో అయిపోయింది! ఆ జూన్ 19న మైక్రోసాఫ్ట్ వెనక్కి తగ్గింది.

కానీ 2020 నవంబర్ 10న సిరీస్ ఎస్ వచ్చినప్పుడు ఎవరూ అంత గొడవ చేయలేదు. ఎందుకంటే ఈసారి బలవంతం లేదు, తక్కువ ధర ఉంది. అప్పట్లో మన దగ్గర 34,990. పీఎస్5 డిస్క్ మోడల్ 49,990, డిజిటల్ మోడల్ 39,990. పది వేల తేడా చూపించేసరికి, ఏడేళ్ల క్రితం కొట్లాడి నిలబెట్టుకున్నదాన్ని మనమే నవ్వుతూ ఇచ్చేశాం.

అలాగని డిజిటల్‌ని తిట్టడానికి రాలేదు. బేస్తవారిపేటలో ఒరిజినల్ గేమ్ డిస్కులు అమ్మే షాపు నేనెప్పుడూ చూడలేదు. ఒంగోలో గుంటూరో పోవాలి. డిజిటల్ స్టోర్‌లో అయితే కొత్త గేమ్ బంజారాహిల్స్‌లో ఏ నిమిషానికి, ఏ రేటుకి వస్తుందో మావాడి ఇంట్లోనూ అదే. చిన్న ఊరోడికి ఇది మామూలు విషయం కాదు. పోనీ డిస్క్ కొన్నా ఇప్పుడు ప్యాచ్‌లు దించాల్సిందే. 2025లో వచ్చిన స్విచ్ 2కి కొన్ని క్యాసెట్లలో ఆటే ఉండదు, తాళం మాత్రమే ఉంటుంది, ఆట నెట్‌లోంచి దించుకోవాలి.

సరే, బాబాయి ప్రశ్నకి లెక్క వేద్దాం. సోనీ పెద్ద గేమ్ కొత్తగా ఒకటి 4,999 అనుకుందాం. ఏడాదికి ఐదు కొన్నావనుకో, పాతిక వేలు. డిస్కులైతే ఆడేసి సగం రేటుకి అమ్మినా పన్నెండున్నర వేలు వెనక్కి. అంటే డిజిటల్ మోడల్‌లో మిగిలిన పది వేలు మొదటి ఏడాదే పోయినట్టు. డిజిటల్‌లో కొన్న గేమ్ అమ్మితే ఎంతొస్తుంది? సున్నా. డబ్బాకి రేటు ఉంటుంది, అకౌంట్‌లో ఉన్న గేమ్‌లకి ఉండదు. ఏడాదికి ఒకటే కొని, మిగతా టైమ్ ఫ్రీ గేమ్‌లో, గేమ్ పాస్ చందాలోనో గడిపేవాడికి ఈ లెక్క తిరగబడుతుంది, అప్పుడు సిరీస్ ఎస్సే కరెక్ట్.

రెండోది, షాపు మూసేస్తే? 2023 మార్చిలో నింటెండో 3డీఎస్, వీ యూ స్టోర్లలో అమ్మకాలు ఆపేసింది. 2024 జూలై 29న ఎక్స్‌బాక్స్ 360 స్టోర్ మూశారు. కొన్నవి మళ్లీ దించుకోవచ్చు, కొత్తగా కొనలేం. "ది క్రూ" అనే కార్ రేసింగ్ గేమ్‌కైతే 2024 మార్చి 31న సర్వర్లే ఆపేశారు, డిస్క్ ఉన్నోడికీ ఆట లేదు. ఈ గొడవల తర్వాతే కాలిఫోర్నియాలో చట్టం చేశారు: "కొనండి" అని బటన్ పెట్టాలంటే, నువ్వు కొనేది లైసెన్స్ మాత్రమే అని కస్టమర్‌కి స్పష్టంగా చెప్పాలి. ఆ హనుమాన్ డిస్క్ గుర్తుందిగా, దానికి ఈ బాధ లేదు.

తమ్ముడికి ఫోన్ చేసి రెండు అడిగా. నెట్ స్పీడ్ ఎంత? స్క్రీన్‌షాట్ పంపాడు, 38 ఎంబీపీఎస్. 100 జీబీ గేమ్‌కి దాదాపు 6 గంటలు. రాత్రి పెడితే పొద్దునకి దిగుద్ది. అదే రోజుకి 1.5 జీబీ వచ్చే సిమ్ మీద అయితే 67 రోజులు, ఆ పని చేయకండి. రెండో ప్రశ్న: నీతో ఆడే ఫ్రెండ్స్ దగ్గర ఏముంది? కంభంలో ఒకడికి పీఎస్5 ఉందట, నాలుగు డిస్కులతో. "అడిగితే ఇస్తాడు అన్నా."

ఆ ఒక్క మాటతో నా సలహా మారిపోయింది. సిరీస్ ఎస్‌కి ఎప్పటికీ డిస్క్ పెట్టలేం. పీఎస్5 స్లిమ్ డిజిటల్‌కి మాత్రం డిస్క్ డ్రైవ్ తర్వాత విడిగా కొని తగిలించుకోవచ్చు, మొదటిసారి జత చేసేటప్పుడు నెట్ ఉండాలి అంతే. 2024 ఏప్రిల్‌లో మన దగ్గర వచ్చినప్పుడు అది 44,990. ఇప్పటి రేటు మీరు చూసుకోండి, ఇవి ఊరికే మారుతుంటాయి. పది వేలు ఎక్కువ అన్నాడు. దసరా దాకా ఆగు అన్నా. బాబాయి ఫోన్ తీసుకుని, "ఆ కంభం పిల్లోడు నిజంగా ఇస్తాడో లేదో ముందు కనుక్కోమను" అన్నాడు. ఈ ఆదివారం ఇద్దరూ కలుస్తున్నారు. ఏం తేలిందో కింద కామెంట్‌లో పిన్ చేస్తా.