ఏరు దాటాక తెప్ప: హుస్సేన్‌సాగర్ మీద అద్దె పడవల కథ

ఆబిడ్స్, నాంపల్లి అనగానే మన పూర్వ విద్యార్థులకు ముందుగా గుర్తొచ్చేవి ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు, నాంపల్లి స్టేషను, జనవరి వస్తే నుమాయిష్. ఈ స్వర్ణోత్సవ సంచికలో వాటి గురించి రాసేవాళ్లు ఎలాగూ ఉంటారు. అందుకే నేను పడవల మీద రాస్తున్నాను. ఆబిడ్స్‌కూ పడవలకూ ఏమిటి సంబంధమని నవ్వుకోకండి. మన బడి నుంచి గన్‌ఫౌండ్రీ, బషీర్‌బాగ్, లిబర్టీ మీదుగా ముప్పావుగంట నడిస్తే హుస్సేన్‌సాగర్. వెనక్కి తిరిగి అఫ్జల్‌గంజ్ వైపు నడిస్తే అంతకంటే ముందే మూసీ. ఈ రెండు నీళ్ల నడుమ చదువుకున్నాం మనం. అయినా మనలో తెడ్డు పట్టడం వచ్చినవాళ్లు ఎంతమంది? ఎందుకు రాలేదో చెప్పాలంటే కొంచెం చరిత్రలోకి వెళ్లాలి.

పడవ మన ప్రాంతానికి కొత్త కాదు. దక్కనులో పడవ అంటే పుట్టి. వెదురు బద్దలతో గుండ్రంగా గంపలా అల్లి, బయట తోలు కప్పేవాళ్లు. ఇప్పుడు తోలు పోయి ప్లాస్టిక్ పట్టా, తారు వచ్చాయి. 16వ శతాబ్దంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఇలాంటి పడవలను చూశాడు. ఒక్కోదానిలో పదిహేను ఇరవై మంది ఎక్కుతారనీ, గుర్రాలనూ ఎద్దులనూ కూడా దాటిస్తారనీ రాసిపెట్టాడు. కృష్ణ, తుంగభద్రల మీద పుట్టి ఇప్పటికీ తిరుగుతోంది. ఏరు దాటించినందుకు పుట్టివాడికి ఇచ్చే కూలే మన దగ్గర పడవ అద్దెకు తొలి రూపం అనుకోవచ్చు. "ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య" అన్న సామెత ఆ కూలి బేరం దగ్గరే పుట్టి ఉంటుంది. దానికి తోబుట్టువు లాంటి సామెత ఇంకొకటి ఉంది: ఏరు దాటి తెప్ప తగలేసినట్టు. హైదరాబాదు తన చెరువు విషయంలో చేసింది సరిగ్గా ఇదే.

హుస్సేన్‌సాగర్‌ను ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1562 ప్రాంతంలో, హుస్సేన్ షా వలీ కట్టించారు. చెరువుకు ఆయన పేరే నిలిచింది. మూసీ నుంచి కాలువ తవ్వి నీళ్లు తెచ్చారు. చార్మినార్ కట్టి నగరాన్ని నిలబెట్టింది 1591లో. అంటే ఊరికంటే చెరువు దాదాపు ముప్పై ఏళ్లు పెద్దది. అదే పాదుషా హయాంలో, 1578లో, మూసీ మీద పురానాపుల్ వచ్చింది. వరదలో భాగమతి కోసం ఏరు ఈదిన కొడుకును చూసి తండ్రి ఈ వంతెన కట్టించాడని జనం చెప్పుకునే కథ. చరిత్రకారులు ఆ కథను ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, భాగమతి పేరు మనకు నీళ్ల మీద మళ్లీ ఎదురవుతుంది. 1806లో సికింద్రాబాదు ఏర్పడ్డాక చెరువు రెండు ఊళ్ల మధ్య నీళ్ల గోడలా మిగిలింది. కట్ట రెండింటినీ కలిపింది. ఇంతకాలమూ అది జనం తాగిన నీరు.

తర్వాత 1908 సెప్టెంబరు 28 వచ్చింది. ఆనాటి మూసీ వరద గురించి మన సోషల్ పాఠాల్లో చదువుకున్నాం. అఫ్జల్ పార్కులోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. అలాంటి వరద మళ్లీ రాకుండా మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహాల ఫలితంగా మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (1920), ఈసా నది మీద హిమాయత్‌సాగర్ (1927) లేచాయి. అవి వరదను ఆపాయి, నగరానికి తాగునీళ్లూ ఇచ్చాయి. అక్కడి నుంచి మంచినీళ్ల కోసం హుస్సేన్‌సాగర్ వైపు చూడాల్సిన పని తగ్గిపోయింది.

నా దృష్టిలో అసలు మలుపు ఇదే. ఇంట్లో బిందెలోకి వచ్చే నీటిని ఎవరూ పాడు చేసుకోరు. బిందెతో సంబంధం తెగిన నీటికి కాపలా ఉండదు. తాగే చెరువు కాస్తా చూసే చెరువయింది. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు ఒకప్పుడు వాననీళ్లు తెచ్చేవి. వాటి వెంబడి ఊరూ కార్ఖానాలూ పెరిగాక అవే మురుగు తెచ్చాయి. కట్ట మీద కూర్చుని గాలి పీల్చుకోవడానికి వెళ్లి, ముక్కు మూసుకుని వచ్చిన రోజులు మన తరం అందరికీ తెలుసు. ఎనభైల్లో బడి వదిలాక అక్కడికి నడిచి వెళ్లిన మేం విగ్రహాలు లెక్కపెట్టేవాళ్లమే కానీ, ఆ నీళ్లలో కాలు పెట్టాలని ఎవరికీ తోచలేదు.

చెరువు మీద తెరచాపలు అప్పుడూ ఉన్నాయి. సికింద్రాబాదు సైనికులకు ఇది సాధన చేసే చోటు. వానాకాలంలో పడమటి గాలి నిలకడగా వీస్తుంది కాబట్టి ఏటా ఆ రోజుల్లోనే తెరచాప పడవల పోటీలు జరుగుతాయి. కానీ అవి క్లబ్బులవి, సైన్యానివి. కట్ట మీద నిలబడ్డ మనకు అవి దూరంగా కదిలే తెల్ల త్రికోణాలు మాత్రమే.

మామూలు జనాన్ని నీళ్ల మీదికి తెచ్చినవాడు బుద్ధుడు. భువనగిరి దగ్గరి రాయగిరి గుట్టలో ఒకే రాతిలో చెక్కిన, వందల టన్నుల బరువున్న విగ్రహాన్ని 1990 మార్చి 10న పంటు మీదికి ఎక్కిస్తుండగా అది ఒరిగి మునిగిపోయింది. పనివాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రెండున్నరేళ్లకు పైగా నీటి అడుగున ఉన్న విగ్రహాన్ని చెక్కుచెదరకుండా పైకి తీసి, 1992 డిసెంబరు 1న నడి చెరువులోని దిమ్మె మీద నిలబెట్టారు. దేవుడు నీళ్ల మధ్య ఉంటే భక్తుడికి పడవ కావాలి. 1994లో లుంబినీ పార్కు తెరిచారు, ఒడ్డున రేవు ఏర్పడింది. టికెట్టు కొని లాంచీ ఎక్కడం హైదరాబాదు చూడవచ్చిన చుట్టాలకు ఒక ఆనవాయితీ అయింది. తర్వాత వచ్చిన రెండంతస్తుల లాంచీకి పెట్టిన పేరు భాగమతి.

ఇదంతా మంచిదే. కానీ టికెట్టు లాంచీకీ, అద్దె పడవకూ తేడా ఉంది. లాంచీలో మనల్ని తిప్పుతారు. చిన్న పడవ అద్దెకు తీసుకుంటే మనమే తిప్పుకోవాలి. పదో తరగతిలో ఊటీ విహారయాత్రకు వెళ్లినప్పుడు నలుగురం అడ్వాన్సు కట్టి అరగంటకు తొక్కుడు పడవ తీసుకున్నాం. ఇద్దరు తొక్కడం మానేస్తే పడవ గుండ్రంగా తిరుగుతుందనీ, ఎదురుగాలిలో పది గజాలు వెళ్లాలన్నా చెమట పడుతుందనీ అప్పుడే తెలిసింది. చేతులు నీళ్లలో పెట్టి ఒకరి మీద ఒకరం చల్లుకున్నాం. ఊటీ చెరువు కూడా మనిషి కట్టిందే. 1824లో జాన్ సల్లివాన్ కట్టించాడు. రెండువందల ఏళ్ల ఆ చెరువులో తొక్కడానికి మనం రైలెక్కి వెళ్లాం. నాలుగున్నర శతాబ్దాలు దాటిన మన చెరువు ఒడ్డున మాత్రం రెయిలింగు పట్టుకుని నిలబడ్డాం.

చిన్న పడవలో కూర్చుంటే నీరు జానెడు దూరంలో ఉంటుంది. తెడ్డు ఎత్తిన ప్రతిసారీ మీద చుక్కలు పడతాయి. ఆ నీరు కంపు కొడితే పడవ అద్దెకిచ్చేవాడికి మర్నాడు బేరం ఉండదు. అందుకే చెరువు ఎంత బాగుందో తెలియాలంటే అక్కడ తెడ్డు పడవలకు గిరాకీ ఎంత ఉందో చూస్తే చాలంటాను. లాంచీ పైఅంతస్తు నుంచి చూస్తే ఏ నీరైనా నీలంగానే కనిపిస్తుంది.

పిల్లల్ని నీటి మీదికి పంపడమంటే భయం ఉంటుంది. ఉండాలి కూడా. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర గోదావరిలో లాంచీ మునిగి పదుల మంది పోయారు. వాళ్లలో మన హైదరాబాదు, వరంగల్లు వాళ్లూ ఉన్నారు. అది వరద మీదున్న నది, పెద్ద లాంచీ. అప్పుడు పలువురిని కాపాడింది చిన్న పడవల్లో పరుగున వచ్చిన ఒడ్డు ఊళ్ల జనం. 38 రోజుల తర్వాత ఆ లాంచీని పైకి తీసింది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం. ఈ ఘటన నుంచి నేను నేర్చుకున్నవి రెండు. వరద నీరూ నిలకడ నీరూ ఒకటి కావు. నీటిని దగ్గరగా ఎరిగినవాళ్లే నీటి దగ్గర అక్కరకొస్తారు. నీటికి దూరంగా పెంచినంత మాత్రాన పిల్లలు క్షేమంగా ఉండరు. ఈత, లైఫ్‌జాకెట్, గాలి ఎటు వీస్తోందో చూసే అలవాటు నేర్పితే ఉంటారు.

ఇప్పుడు రోజులు కొంత మారాయి. దుర్గం చెరువులో జనం సొంతంగా తెడ్డు వేస్తున్నారు. హుస్సేన్‌సాగర్‌లోనే యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేద కుటుంబాల పిల్లలకు తెరచాప నేర్పి జాతీయ పోటీలకు పంపుతోంది. ఆ పిల్లల ఇళ్లు మన ఇళ్లకంటే చెరువుకు మరీ దగ్గరేమీ కావు. వాళ్లను ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని నీటి దాకా తీసుకెళ్లారు, అంతే.

స్వర్ణోత్సవం పేరిట మన సంఘం బడికి ఏదో ఒకటి ఇవ్వాలని అనుకుంటున్నాం కదా. ఫ్యానులు, బెంచీలు ఇద్దాం, కాదనను. వాటితోపాటు ఇంకో రెండు పనులు నా మనవి. ఏటా తొమ్మిదో తరగతి పిల్లలకు ముందు ఈత, ఆ తర్వాత శిక్షకుల పర్యవేక్షణలో వారం రోజులు తెడ్డు నేర్పించే ఖర్చు సంఘం పెట్టుకోవాలి. అలాగే సైన్సు ఉపాధ్యాయులు పిల్లలతో నెలకోసారి చెరువు నీళ్లు తెప్పించి, అందులో కరిగిన ఆక్సిజన్ ఎంతుందో కొలిపించి, బడి నోటీసు బోర్డు మీద ఆ అంకె రాయించాలి. పదేళ్లు వరసగా రాస్తే అదే ఒక చరిత్ర అవుతుంది. ఆ అంకె పడిపోయిన నెలలో ఎందుకు పడిపోయిందని అడిగే పిల్లలు మన బడి నుంచి రావాలి. తెడ్డు పట్టిన చేతులు కాబట్టి వాళ్లు గట్టిగానే అడుగుతారు.