ముందు విప్పాల్సిన షాక్

రోజో ఊరు మిన్నెసోటా రాష్ట్రానికి ఉత్తరపు కొస, ఇంకాస్త పైకి పోతే కెనడా. జనవరి సాయంత్రం, బయట మైనస్ 25 డిగ్రీలు. మంచు మీద నడిచే బండి, స్నోమొబైల్‌ని గ్యారేజీలోకి నెట్టి షట్టర్ దించేశారు. కింద తిరిగే ట్రాక్ బెల్టుకి పట్టిన మంచుగడ్డలు కరిగి గచ్చు మీద మడుగు కడుతున్నాయి.

‘ఈ ఏడు దారంతా గతుకులే’ అంటున్నాడు బండి ఆసామి. నమ్మకండి. షాకబ్జార్బర్ ఒక్కరోజులో పోదు. వందల మైళ్ల మీద కొంచెం కొంచెంగా నీరసిస్తుంది, నడిపేవాడి నడుమూ అంతే నెమ్మదిగా అలవాటు పడిపోతుంది. చివరికి తప్పంతా దారి మీదో, వయసు మీదో పడుతుంది. నడుములు ఓర్చుకోవడం ఈ ఊరికి కొత్తేమీ కాదు. స్నోమొబైళ్లు చేసే పొలారిస్ కంపెనీ 1954లో పుట్టింది ఈ ఊళ్లోనే. దాన్ని పెట్టినవాళ్లలో ఒకడైన ఎడ్గర్ హెటీన్, 1960లో తోటివాళ్లతో కలిసి అలాస్కాలో బెథెల్ నుంచి ఫెయిర్‌బ్యాంక్స్ దాకా సుమారు 1,200 మైళ్లు స్నోమొబైళ్ల మీదే వెళ్లాడు. అప్పటి బండ్లకు ఇప్పటి సస్పెన్షన్ ఎక్కడిది? ఆ కుదుపులన్నీ కాచుకున్నది మనుషుల నడుములే.

వెనుక బంపర్ పట్టుకుని కిందికి నొక్కి వదలండి. బండి నింపాదిగా లేచి ఆగాలి. ఇది ఎగిరి, ఇంకోసారి ఊగి, అప్పుడు ఆగింది. అందరి చూపూ ముందున్న స్కీల షాక్‌ల మీదకే పోతుంది, కంటికి ఎదురుగా ఉంటాయి కాబట్టి. మీరు వంగి ట్రాక్ లోపలికి చూడండి. అక్కడి రెండింటిలో ముందుది, రాత్రీ పగలూ మంచులో, ఐసు ముక్కల్లో నలిగేది, అదే ముందు విప్పాల్సిన షాక్. రాడ్డు చుట్టూ నూనె తడి, దాని మీద నల్లటి జిడ్డు. సీల్ పోయింది.

స్ప్రింగ్ తీసేసి రాడ్డుని అరచేత్తో లోపలికి నొక్కండి. మొదట కాస్త దూరం ఏ అడ్డూ లేకుండా జారింది, తర్వాత పట్టుకుంది. నూనెలో గాలి కలిసిందన్నమాట. చెయ్యి తీస్తే రాడ్డు తనంతట తాను బయటికి రావాలి. రాలేదు. షాక్‌లో ఒత్తిడితో నింపి ఉంచే నైట్రోజన్ గ్యాసు కూడా పోయిందని తెలిసిపోయింది. అయినా సరే, విప్పేముందు వాల్వ్ నొక్కి మిగిలిన గ్యాసు వదలండి, ముఖం పక్కకి పెట్టుకుని. నిండుగా ఉన్నప్పుడు అందులో 200 పీఎస్‌ఐ దాకా ఉంటుంది, ఆ ఒత్తిడితో ఆటలొద్దు.

వైస్‌లో బిగించి మూత విప్పి నూనె ఒంపండి. కడుగు నీళ్లలా బూడిద రంగులో, నురగతో దిగుతోంది. లైటు కింద వేలికి రాసుకుంటే సన్నటి మెరుపు: అల్యూమినియం పొడి. పిస్టన్ చుట్టూ ఉండే పట్టీ అరిగి, లోహం లోహాన్ని రాసుకుంటోంది.

ఇక్కడ తొందరపడకూడదు. పిస్టన్‌కి రెండువైపులా మిల్లీమీటరులో పదో వంతూ, అయిదో వంతూ మందం ఉండే ఉక్కు బిళ్లలు దొంతరగా ఉంటాయి. నూనె వాటిని వంచుకుంటూ దారి చేసుకోవాలి. నూనె అలా ఇరుకున దూరడంలోనే దెబ్బ వేడిగా మారి చల్లారిపోతుంది. ఒక్క బిళ్ల వరస తప్పినా బండి స్వభావమే మారుతుంది. అందుకే తీసిన వరసలోనే తీగకి గుచ్చి పక్కన పెట్టండి.

రాడ్డుని గుడ్డతో తుడిచి గోరు పెట్టి గీయండి, ఈ చివర నుంచి ఆ చివరికి. ఒకచోట గోరు తగిలింది. కంటికి ఆనని గంటు అది. దీన్ని వదిలేసి కొత్త సీల్ వేస్తే అదీ కోసుకుపోతుంది. గంటు చిన్నదే కాబట్టి సన్నటి నూనెరాయితో మెల్లగా నునుపు చేస్తే చాలు. లోతుగా ఉంటే రాడ్డు మార్చాల్సిందే.

కొత్త సీళ్లు, కొత్త పట్టీ. గ్యాసునీ నూనెనీ విడదీసే తేలుడు పిస్టన్‌ని కంపెనీ చెప్పిన లోతులో నిలబెట్టి నూనె పోయండి. రాడ్డుని నెమ్మదిగా పైకీ కిందికీ ఆడించండి. బుడగలు వస్తాయి. ఆగండి. మళ్లీ ఆడించండి, ఇంకొన్ని వస్తాయి. ఈ పని సగంలో వదిలేస్తే ఇందాక చేతికి తెలిసిన ఆ జారుడు మళ్లీ మిగిలిపోతుంది. అంచుదాకా నింపి, నూనె పొర్లుతుండగానే మూత బిగించండి. ఇక తేమలేని నైట్రోజన్. రాడ్డు తనంతట తాను బయటికొచ్చింది. నీళ్ల తొట్టిలో ముంచితే ఒక్క బుడగా లేదు. అరచేత్తో నొక్కితే మొదటి కదలిక నుంచే చేతికి అడ్డు తెలుస్తోంది.

ఇక స్కీల షాక్‌లు. ఒక్క ఎడమదే చేసి పంపమంటాడు ఆసామి. ఒప్పుకోకండి. ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా ఉంటే మలుపులో బండి చెప్పినట్టు వినదు. రెండూ విప్పండి.