నాడి, రైలు, రక్తపోటు: రఘునాథపల్లి వైపు నుంచి బృహద్ధమని వ్యాధుల చరిత్ర

బృహద్ధమని వ్యాధుల చరిత్రను సాధారణంగా పారిస్, హ్యూస్టన్ శస్త్రచికిత్సాలయాలను కేంద్రంగా చేసుకొని రాస్తారు. పూర్వపు వరంగల్ జిల్లాలోని రఘునాథపల్లి వంటి చోటు నుంచి చూస్తే, ఎవరు ఆపరేషన్ చేశారన్నదానికంటే వ్యాధిని ముందుగా ఎవరు, ఏ సాధనంతో గుర్తించగలిగారన్నది ముఖ్యమవుతుంది.

జనగామకూ స్టేషన్ ఘన్‌పూర్‌కూ నడుమ ఈ గ్రామం మీదుగా సాగే నిజాం రైలుమార్గం 1889లో బెజవాడ వరకు పూర్తయింది. అదే ఏడాది హైదరాబాదులో ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో రెండవ క్లోరోఫాం కమిషన్ జరిగింది. క్లోరోఫాం గుండెను నేరుగా ఆపదనీ, ముందు శ్వాస ఆగుతుందనీ అది తేల్చింది. 1911లో లెవీ ప్రయోగాలు ఈ నిర్ణయాన్ని దెబ్బతీశాయి. ఏమైనా, జంతువులలో రక్తపోటును గీతలుగా నమోదు చేసే పద్ధతి హైదరాబాదుకు అంత త్వరగా చేరడం గమనార్హం. ఆ పద్ధతి రోగి మంచం దాకా రావడానికి మాత్రం ఇంకా కాలం పట్టింది.

ఆనాడు బృహద్ధమని ఉబ్బుకు ప్రధాన కారణం సిఫిలిస్. విశ్రాంతి, మితాహారం, పొటాషియం అయొడైడ్ తప్ప వైద్యుని చేతిలో చెప్పుకోదగినదేమీ లేదు. ధమని గోడ పొరలు చీలే వ్యాధి మరణం తర్వాతే బయటపడేది. 1760లో మరణించిన ఇంగ్లండు రాజు రెండవ జార్జి శవపరీక్షలో ఫ్రాంక్ నికోల్స్ చూసినది అదే. రాజుకైనా రోగనిర్ధారణ మరణానంతరమే జరిగిందన్నమాట.

1908 మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కూలిపోయింది. ఆ ఏడాదే జపాను నేత్రవైద్యుడు మికితో తకయాసు ఒక యువతి కంటిలోపలి రక్తనాళాలలో వింత మార్పులను వివరించాడు. అటువంటి రోగులలో మణికట్టు నాడి దొరకదని ఆయన సహచరులు గమనించారు. బృహద్ధమని, దాని శాఖల గోడలు వాచి ఇరుకయ్యే ఈ వ్యాధి భారతదేశంలో యువతులకు రక్తపోటు తెచ్చే ముఖ్యకారణాలలో ఒకటి. శతాబ్దాలుగా నాడి పట్టిన నేలపై, నాడి దొరకకపోవడమే రోగలక్షణమైన ఈ జబ్బుకు మన వైద్యచరిత్ర రచనలో తగిన చోటు దక్కవలసి ఉంది. రెండు చేతులలోనూ, అవసరమైతే కాలిలోనూ రక్తపోటు కొలిస్తే అనుమానానికి పునాది పడుతుంది. ఇందుకు పెద్ద యంత్రం అక్కరలేదు.

1951లో పారిస్‌లో ఛార్లెస్ దుబోస్త్ ఉబ్బిన ఉదరధమని భాగాన్ని తొలగించి దాత ధమనిని అతికించాడు. చీలికకు 1950లలో డిబేకీ శస్త్రచికిత్స చూపాడు. 1965లో వీట్ బృందం రక్తపోటు, గుండెవేగం తగ్గించే మందులతో నిర్వహణకు దారి వేసింది. అక్కడి నుంచే నేటి విభజన స్థిరపడింది: ఆరోహణ భాగం చీలితే అత్యవసర శస్త్రచికిత్స, అవరోహణ భాగానికే పరిమితమై ఇతర ప్రమాదం లేకపోతే మందులు. 1971లో మొదటి రోగిపై వాడిన సి.టి. స్కాన్ తర్వాతి కాలంలో నిర్ధారణకు ప్రధాన ఆధారమైంది.

వరంగల్‌లో కాకతీయ వైద్య కళాశాల 1959లో ఏర్పడింది. 2005లో 108 అంబులెన్సులు, 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాయి. అంబులెన్సు దూరాన్నీ, ఆరోగ్యశ్రీ ఖర్చునూ కొంత తగ్గించాయి. నిర్ధారణ సమస్య మాత్రం అలాగే ఉంది. ఆరోహణ ధమని చీలితే, చికిత్స లేని తొలి 48 గంటలలో ప్రతి గంటకూ మరణభయం 1 నుంచి 2 శాతం పెరుగుతుందని వైద్యుల అంచనా. ఛాతీ నుంచి వీపుకు పాకే చీల్చినట్టి నొప్పిని గుండెపోటుగా పొరబడి రక్తపు గడ్డలు కరిగించే మందు ఇస్తే, ఆ మందే ప్రాణాంతకం కావచ్చు. రఘునాథపల్లి నుంచి హైదరాబాదుకు సుమారు 100 కి.మీ. ఆ దారిలో మొదటి పరీక్ష చేసే వైద్యుడు రెండో చేతికి కూడా రక్తపోటు పట్టీ చుట్టాడా లేదా అన్నదానిపైనే తర్వాతి చికిత్స చాలావరకు ఆధారపడుతుంది.